ఎర్ర కారుకు దండ

ఎమ్మిగనూరులో ఉన్న మా నర్సక్క పాదాలకు తమ్ముడు తిమ్మప్ప బొంబాయి నుంచి మొక్కి రాయడమేమంటే, ఇక్కడ నేను, కొడుకు ఈరన్న, కోడలు బాగున్నాము. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావకు దగ్గు ఎట్లుంది? ఇక్కడ వాన ఇప్పుడే వదిలింది. జొన్నరొట్టెకు మన రుచి లేదు, పలకరించే దిక్కూ లేదు. అయినా నా గురించి దిగులు పడవద్దు, బాగున్నాను.

బాగున్నాను గానీ కడుపు మండిపోతోందక్కా!

ఈరన్న పనిచేసే సేటుకు పందెం కార్లు రెండున్నాయి. ఎర్రది పెద్ద యుద్ధానికి ముందుది. టాపు లేదు, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు, కూర్చుంటే నేల చేతికందుతుంది. మనవాడే దాన్ని విప్పి, బిగించి ఇన్నేండ్లు కాపాడాడు. తెల్లది ఈ ఏడే ఓడలో దిగింది. మెత్తని సీట్లు, అద్దాలు మూస్తే చప్పుడే వినపడదు. అబద్ధమెందుకు, పరుగులో తెల్లదే ముందు. కానీ ఎర్రదానిలో ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది, ఇంజను మన గుండెలోనే కొట్టుకున్నట్టుంటుంది. తెల్లదానిలో పోతున్నామో నిలబడ్డామో తెలియదు. అదేం పరుగు?

దసరాకు ఆయుధపూజ వచ్చింది. సేటు ఒక్కటే దండ తెచ్చి తెల్లదానికి వేయబోయాడు. ఎర్రదాన్ని తుక్కుకు అమ్మేస్తాడట! నాకు ఒళ్ళు మండింది.

"ఏం సేటూ, ఏరువాక నాడు మా ఇంట్లో కోడెకంటే ముందు ముసలెద్దుకే బొట్టు పెడతాము. ఇన్నేండ్లు మోసినదాన్ని మర్సిపోతే ఎట్లప్పా?" అన్నాను.

సేటు ఆదోని పత్తి కోసం తిరిగినవాడు, మన మాట వచ్చు. నవ్వి, "సరే తాతా, రెండూ ఉరికిద్దాం. గెలిచినదానికే దండ. ఎర్రది గెలిస్తే అమ్మను" అన్నాడు.

విమానాలు దిగే మైదానంలో ఉరికించారు. తెల్లదానిలో సేటు. ఎర్రదానిలో ఈరన్న, పక్కన నేను! నా కొడుకు పందెం కారు తోలుతుంటే పక్కన కూర్చున్నానక్కా, ఈ వయసులో! తెల్లది పక్కకు రాగానే నాకు ఎద్దుల పందెమే అనిపించి, తలుపు మీద అరచేత్తో చరుస్తూ "హై! హైహై! ఉరుకు నా తండ్రీ!" అని అరిచాను.

"నాయనా, అది ఎద్దు గాదు, రేకు సొట్ట పోతాది!" అని ఈరన్న మొత్తుకున్నాడు.

ఓడిపోయాము.

సేటు దండ పట్టుకొని దిగాడు. నేను లాక్కొని ఎర్రదానికే వేశాను.

"ఓడినదానికి దండేంది తాతా?"

"ఓడితే ఏమాయ? పందెంలో ఓడిందని ఎద్దును కసాయికి ఇస్తామా మేము?"

సేటు ఎర్రదాని దగ్గరకు వచ్చాడు. దండ తీయలేదు. ఈరన్న వైపు తిరిగి, "ఎర్రదాన్ని అమ్మనులే. మీ నాయన కోసం ఉంచుతా" అన్నాడు.

ఈరన్న కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ సంతోషమే. కానీ కోపం మాత్రం ఇంకా పోలేదక్కా. నా కోసమట! నేనేం చేశాను? ఉరికింది అది కదా?

ఉరుకుంద గుడికి పోయినప్పుడు స్వామికి ఒక టెంకాయ కొట్టించు. ఎవరి పేరు మీద అని పూజారి అడిగితే, ఎర్ర కారు పేరు మీద అని గట్టిగా చెప్పు. నవ్వితే నవ్వనీ.

బావకు నా మొక్కులు, పిల్లలకు ముద్దులు. మా ముగ్గురినీ, దాన్నీ దీవించు.

నీ తమ్ముడు,
తిమ్మప్ప