మధ్యాహ్నం రెండింటి తనిఖీ

తార్నాక,
జూన్ 14.

దీప్తికి అమ్మ దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నాన్న మోకాళ్లు తప్ప. మీ హాస్టల్ పిల్లలకు జ్వరాలు తగ్గాయా?

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అయితే పోట్లాట అవుతుందని రాశావు, మంచి పనే చేశావు. నాన్న చర్చికి నడిచే వెళ్తున్నారా అని అడిగావు. వెళ్లేటప్పుడు నడక, వచ్చేటప్పుడు ఆటో.

స్టేడియం గురించి నువ్వు విన్నది నిజమే. ఒక క్రికెట్ లీగ్ టీమ్‌కు మన యూనివర్సిటీ క్యాంపస్ గ్రౌండును అరవై ఏళ్ల లీజుకు, ఏడాదికి ఒక్క రూపాయికి ఇస్తున్నారు. రోడ్డు, కరెంటు, నీళ్లు ప్రభుత్వ ఖర్చే. ఇరవై ఏళ్లు ఆస్తి పన్ను లేదు. అంబర్‌పేట్‌లో మీ పిన్ని ఇంటి పన్ను ఆలస్యమైతే గేటుకు నోటీసు అంటించి పోయారు. ఎస్టేట్ సెక్షన్‌లో ముప్ఫై రెండేళ్లుగా ఇలాంటి ఫైళ్లు చూసి చూసి నాకు కోపం రావడం కూడా మానేసింది. ఒట్టి అలసటే మిగిలింది.

నిన్న పొద్దున్నే కొలతలవాళ్లతో గ్రౌండుకు వెళ్లాను. మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే మహేశ్వరి కానిస్టేబుల్ ఉద్యోగపు పరుగు పరీక్షకు ప్రాక్టీసు చేస్తోంది. నన్ను చూసి ఆగింది.

"మేడమ్, గీడికి ఎవ్వరు వస్తలేరని రాసిన్రంట. మరి మేమంత ఎవరం?"

"కనుక్కుంటానమ్మా" అని వచ్చేశాను.

కనుక్కోవడానికేముంది? రాసింది నేనే.

మే నెలలో మా ఆఫీసరు పిలిచి, "ఎండ బాగున్నప్పుడు పోయి చూసి రా అమ్మా. ఎవ్వరు కనపడకుంటే గదే రాయి" అన్నాడు. నా పింఛను కాగితాలు కదలాల్సింది ఆయన చేతుల మీదుగానే. నేను మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. కుక్క కూడా లేదు. 'తనిఖీ సమయంలో స్థలం వినియోగంలో లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఒక్క మాటా అబద్ధం కాదు. ఇప్పుడు ఫైలంతా ఆ నోటు మీదే నిలబడింది.

ఎనిమిదేళ్లు అదే గ్రౌండులో నువ్వు ఏ వేళకు పరుగెత్తేదానివో నాకు తెలియదా? ఐదింటికి నిన్ను లేపిందే నేను. సిగ్గుగా ఉంది తల్లీ.

స్టేడియం వద్దని నువ్వు పెడుతున్న పిటిషన్‌లో మొదటి సంతకం నన్ను పెట్టమన్నావు. నాకు ఆ అర్హత లేదు, మహేశ్వరి చేత పెట్టించు. ఇరవై ఎనిమిదిన అభ్యంతరాలు వింటారు. ఆ నోటు ఎవరు రాశారని నువ్వు అడుగు. అమ్మ కదా అని ఆగిపోకు. నేనే లేచి ఆ వేళకు ఎందుకు వెళ్లానో చెప్తాను. నాన్నకు నిన్న రాత్రి చెప్పేశాను. పింఛను ఆలస్యమైతే అయిందిలే అన్నారు.

ఆ రోజు నా పక్కన కూర్చోబుద్ధి కాకపోతే మహేశ్వరి పక్కన కూర్చో. నేనేమీ అనుకోను. రావడం మాత్రం రా.

ఇట్లు,
మీ అమ్మ
సుగుణమ్మ