పారమ్మ పిన్ని వైపు కిటికీ

టెక్కలి, 1957 మార్చి, గురువారం

పూరిల్లు విప్పి పెంకుటిల్లు కట్టుకోవడానికి ఇవాళ పంచాయతీలో దరఖాస్తు ఇచ్చాను. పాత మట్టిగోడలో ఉన్నట్టే, కొత్త వంటింటి గోడకీ పొరుగింటివైపు కిటికీ పెట్టి ప్లాను గీశాను. గుమస్తా ఒప్పుకోలేదు.

"రేపు ఆ ఇల్లు సేతులు మారితే తగువులొత్తాయి మాస్టారూ. కొట్టీండి" అన్నాడు. కొట్టేశాను.

నా చిన్నప్పుడు అమ్మ చనిపోయిన ఏడాదంతా పొరుగింటి పారమ్మ పిన్ని ఆ కిటికీలోంచే నాకు అన్నం పెట్టింది. గిన్నె అందించి, నేను తినేదాకా అవతలే నిలబడేది. మునగాకు కూర ఎక్కడ తిన్నా నాకు ఆ కిటికీ చువ్వలే గుర్తొస్తాయి.

పొరుగువాళ్ల సమ్మతి కావాలన్నారని సాయంత్రం ఆమె దగ్గరికే వెళ్లాను. చుట్టానికి వేసినట్టు పీట వేసింది. కిటికీ సంగతి చెప్పలేక చెప్పాను. ఆమె వేలిముద్ర వేసి, "గోడ కట్టించుకో నాయినా. ఆకలేత్తే ఈది గుమ్మంలోంచి రా. నానేటి తలుపేసుకుంతానా?" అంది.

ఏదైనా అడగడానికి ఆమె వీధి గుమ్మం తొక్కడం నాకు ఇదే మొదలు.

అనుమతి తొందరలోనే వస్తుందట. కాస్త ఆలస్యమైనా బాగుండుననిపిస్తోంది...