బోరు కాడికి పోయింది ఎంతమంది?

నాయనా,

నువ్వు పోయి ఏడాదైందని నిన్న చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినాము. కరువు ఏట భూస్వామి తన బోరు కాడికి మన వాడవాళ్లను రానీకపోతే, నువ్వు పోయి బిందె పెట్టి నీళ్లు పట్టినావే, దాని మీదనే అందరూ సాక్ష్యం చెప్పినారు. నువ్వొక్కడివే పోయినావని మేనత్త చెప్పింది. తాను గూడా నీ ఎంట ఉన్నానని యేసోబు మామ లేచినాడు. "ఇద్దరు కాదప్పా, నలుగురం" అన్నాడు చిన్నాయన.

మర్యాదకు వచ్చి కూర్చున్న భూస్వామి మనిషి నవ్వినాడు. "ఒగరి మాట ఒగరితో కలవలేదే! అసలు జరిగిందా ఏమప్పా?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ ప్రశ్న నాదే కదా నాయనా. దేవుడు లేడనేవాళ్ల కరపత్రాలు చదివొచ్చి నీతో కొట్లాడుతాంటి. యేసు సమాధి కాడికి యోహాను సువార్తలో మగ్దలేనే మరియ ఒక్కతే పోయింది, మత్తయిలో ఇద్దరు, మార్కులో ముగ్గురు, ఏది నిజమని నిలదీస్తాంటి. "సమాధి ఖాళీ అని అందరూ చెప్పినారు గదమ్మా" అని నువ్వు అంటాంటివి.

నేను లేచినా. "కూడబలుక్కొని ఉంటే ముగ్గురూ ఒకే మాట చెప్పేవాళ్లు. ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్పినారు. నీళ్లు పట్టలేదని ఒక్కరన్నా చెప్పినారా అన్నా?"

ఆయన తువ్వాలు దులుపుకొని లేచి పోయినాడు.

దేవుని సంగతిలో నేనింకా నీతో ఒప్పుకోలే. నీ సంగతి మాత్రం ముగ్గురూ చెప్పింది చెప్పినట్టే నోటుబుక్కులో రాసినా. ఇంటికొచ్చినాక అమ్మ ఇంకోటి చెప్పింది. ఆ పొద్దు బిందె ఎత్తేటప్పుడు నీ చేతులు వణికినాయంట.

అదీ రాసినా నాయనా. వణికే చేతులతోనే నువ్వు నీళ్లు తెచ్చినావని చదివేవాళ్లకు తెలియాల.