పెట్టని సంతకం

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ కూతురు జ్యోతి నర్సింగ్ చదువుతానంటోంది. కాలేజీలూ స్కాలర్‌షిప్పులూ అన్నీ ఒకేచోట చూపించే వెబ్‌సైట్‌లో వివరాలు నింపిందో లేదో, వాళ్ల మనిషి, ఎవరో తమిళ కుర్రాడు, ఫోన్ చేశాడు. క్లాంగ్‌లో ఒక కాలేజీ సగం ఫీజు మాఫీ చేస్తుందట, సాయంత్రంలోగా పెద్దవాళ్ల సంతకం పంపాలట.

"నీకు జీతం ఎవరిస్తారు?" అని తమిళంలో అడిగాను.

"పిల్లలు చేరాక కాలేజీ ఇస్తుంది అంకుల్. మీకంతా ఫ్రీ," అన్నాడు.

కూలీలను పోగేసి, తాతను ఓడలో ఈ దేశపు రబ్బరు ఎస్టేటుకు తీసుకొచ్చిన కంగాణీకి కూడా తలకింతని దొరలే ఇచ్చారు. తాత దగ్గర వాడేమీ తీసుకోలేదు.

మాఫీ మొదటి ఏడాదికేనా, చదువంతటికీనా అన్నాను. కనుక్కుని చెబుతానన్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు. నేను సంతకం పెట్టలేదు.

"ఏటి సిన్నాన్నా, అందరి మీదా అనుమానమేనా? సీటు పోతాది లా," అంది జ్యోతి, ఇక్కడి మలయ్ వాళ్లలా చివర 'లా' తగిలించి.

"మీ సిన్నాన్న సేపలు కొన్నా ఇంతేనే, మొప్పలెత్తి సూడందే సంచీ తెరవడు," అంది వదిన.

ప్రభుత్వ కాలేజీకి మనమే నేరుగా దరఖాస్తు పెడదామన్నాను. అక్కడ సీటొస్తుందో రాదో నాకు తెలియదు. అప్పటి నుంచి జ్యోతి నాతో మాట్లాడటం లేదు. నువ్వున్నా సంతకం పెట్టేవాడివి కాదు, నీతోనూ మాట్లాడేది కాదు. నీ మీదికి రావలసిన దాని కోపం నేను భరిస్తున్నాను.