వాన బొమ్మ

మే 14, మంగళవారం

పుస్తకం వచ్చింది! నాకు! హైదరాబాద్ పబ్లిషర్ రేఖగారు ఫోన్ చేశారు. అనంతపురం రైతు పిల్లల కథ, పదహారు బొమ్మలు నేనే వేయాలి. కవర్ మీద నా పేరు కూడా వేస్తారట. మాయా తామాంగ్.

నేపాల్ నుంచి వచ్చిన ఏడాది నాయన రాప్తాడు హైవే పక్కన నూడుల్స్ బండి పెట్టాడు. దాని బోర్డు మీద కొండ గీశాను, పదేళ్లప్పుడు. నా మొదటి పెయింటింగ్ అదే. తర్వాత బడి గోడలు, పోలియో పోస్టర్లు. ఇక్కడిదాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పట్టనీ.

జూన్ 29

పదిహేను బొమ్మలు ఓకే!!

జూలై 3, రాత్రి 11

పదహారోది తిప్పి పంపారు. ఆఖరి పేజీ. వాన మొదలైంది, ఊరంతా ఇళ్లలోకి పరుగు, గొడుగులు, చూరు కింద కోళ్లు. ఏదో తేడాగా ఉందన్నారు రేఖగారు. ఏమిటంటే చెప్పలేకపోయారు. సోమవారంలోగా కుదరకపోతే పుస్తకం మొత్తం ఆ ప్రాంతం ఆర్టిస్టు ఎవరికైనా ఇస్తారట.

ఆ ప్రాంతం! మరి నేనెవరిని? ఒళ్లు మండింది. నాలుగుసార్లు మబ్బు రంగు మార్చాను.

జూలై 6

ఇంటి ఓనర్ ఆంజినమ్మకు చూపించాను. నల్లమాడ దగ్గర నలభై ఏళ్లు వాననే నమ్ముకుని చెనక్కాయ పంట పండించిన మనిషి. ఏం పాపా ఇట్ల పారిపోతాండారు, పులొచ్చిందా అని అడిగింది. వాన అన్నాను. నవ్వింది. నాకు కోపమొచ్చింది. అప్పుడంది:

“వానొస్తే ఈడ ఎవురు పాపా ఇంట్లోకి పొయ్యేది? ఇంట్లో ఉండేటోళ్లే బయటికొస్తారు గదా.”

మా కొండల్లో వానంటే తలుపులు మూయడమే. ఇక్కడా ఇరవై ఏళ్లుగా చినుకు పడగానే లోపలికి పరుగెత్తి కిటికీ మూసుకున్నాను. బయట ఎవరున్నారో ఒక్కసారీ చూడలేదు. సిగ్గేసింది.

సాయంత్రం 5

గీసేశాను! ఒక్క ఊపులో! అందరూ బయటే. మంచం పట్టిన ముసలాయన్ని కూడా మంచంతో సహా వాకిట్లో పెట్టాను. గొడుగు ఒక్కటీ లేదు. రేఖగారికి పంపేశాను.

జూలై 8

ఓకే అన్నారు. పుస్తకం నాదే! సంతకం కోసం ఫారం పంపారు. అందులో సొంత ఊరు అని ఒక గడి. అదొక్కటే ఖాళీగా ఉంచాను.

జూలై 19, మధ్యాహ్నం 3:40

వాన. పెద్ద చినుకులు. చెయ్యి కిటికీ గడియ మీదికి పోయింది. వాకిట్లోంచి ఆంజినమ్మ పాపా అని పిలుస్తోంది.

వస్తాండా.