అమ్మ రాయి మీద చివరి వరుస

ప్రియమైన మొండి తమ్ముడికి,

మేం బాగానే ఉన్నాం. మీ బావ కుట్టు మిషను ముందు కూర్చున్నాడంటే భోజనానికి నాలుగుసార్లు పిలవాలి. అదేం మారలేదు.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఊళ్ళో అందరి సమాధులకీ రాళ్ళు చెక్కేవాడివి, మన అమ్మ మీద మాత్రం ఇంకా ఉత్త మట్టే. నేనడిగింది ఒక్క వరుస. పేరు కింద "అమ్మా, మా కొరకు ప్రార్థించు" అని. పెళ్ళయి కతోలిక గుడికి వెళ్ళడం మొదలుపెట్టాక, ముప్పై ఏళ్ళుగా మరియ తల్లినీ పునీతులనీ నేను అడుగుతున్నది ఆ మాటే. అమ్మని అడిగితే తప్పా?

నీ అక్క

* * *

ప్రేమగల అక్కకి,

రాయి ఎప్పుడో సిద్ధం చేశాను. పేరు, తేదీలు అయిపోయాయి. నీ వరుస దగ్గరే ఉలి ఆగిపోయింది. చనిపోయినవాళ్ళని మన కోసం ప్రార్థించమని అడగాలని బైబిలు వాక్యంలో ఎక్కడుంది? దేవుడికీ మనకీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. మరియమ్మ ధన్యురాలని మా పాస్టరుగారూ అంటారు. ఆమెలా నమ్మాలనుకుంటాం గానీ ఆమెకి మొక్కం.

అమ్మ చివరిదాకా మా చర్చిలోనే కూర్చుంది. ఆమె నమ్మని మాట ఆమె తల దగ్గర ఎలా పెట్టను? "ప్రభువునందు నిద్రించెను" అని చెక్కుతాను, నువ్వు సరేనంటే.

నీ తమ్ముడు

* * *

ఒరేయ్ తమ్ముడూ,

మొక్కడం వేరు, అడగడం వేరు. మేం మొక్కేదీ దేవుడికే. మా తరఫున ఓ మాట చెప్పమని పునీతుల్ని అడుగుతాం, అంతే. నీకు జ్వరమొస్తే చర్చిలో అందరినీ ప్రార్థించమన్నావు. వాళ్ళేం మధ్యవర్తులా? దేవుడి దగ్గరున్నవాళ్ళు మనకి లేనట్టు ఎలా అవుతారు?

మనిద్దరం ఆడుకుంటూ నాన్నగారి గడియారాన్ని పగలగొట్టిన రోజు గుర్తుందా? ఇద్దరం వంటింట్లో అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాం. "మీరుండండి, నేను చెప్తాను" అని తడిచేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. నాన్న మనల్ని ఏమీ అనలేదు. ఆ వంటిల్లు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. నాకు తెలిసిన ప్రార్థన అక్కడ నేర్చుకున్నదేరా.

అక్క

* * *

తమ్ముడికి,

మూడు నెలలైంది, జవాబు లేదు. నీ ఇష్టమొచ్చిందే చెక్కుకో. వానలొస్తే ఆ మట్టి కుంగిపోతుంది. నేను మాత్రం ఆ రాయి చూడటానికి రాను.

అక్క

* * *

ప్రియమైన అక్కకి,

మొన్న గురువారం రాయి నిలబెట్టాను. నేను నమ్మిన మాటే చెక్కాను.

ఇన్నాళ్ళూ కోపంతో ఊరుకోలేదు, నీకేం చెప్పాలో తోచక ఊరుకున్నాను. గడియారం సంగతి పెద్దయ్యాక నాన్ననే అడిగాను. "నేను కొడతానని ఎవరన్నార్రా? నా గది తలుపు తీసే ఉంది, మీరే లోపలికి రాలేదు" అన్నారు. ఆ మాట చెప్తూ ఆయన కాస్త నొచ్చుకున్నారు కూడా. మా నమ్మకమంతా ఆ తలుపేనక్కా. ఇంకెవరినీ పంపక్కర్లేదు.

ఇంతవరకే రాసి ఆపేద్దామనుకున్నాను, కానీ ఆ గురువారం ఇంకోటి జరిగింది. రాయి నిలబెట్టాక పనివాళ్ళు వెళ్ళిపోయారు. అక్షరాల్లో దుమ్ము తుడుస్తున్నాను. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది: "అమ్మా, అక్క రానంటోంది. నువ్వే కాస్త చెప్పవే." వెంటనే పాస్టరుగారు ఎక్కడైనా ఉన్నారేమోనని వెనక్కి చూశాను. నవ్వకు.

నేనేం మారిపోలేదు. ఆ వరుస చెక్కడానికి నా చెయ్యి రాదు, రేపైనా రాదు. కానీ నీకూ ఆమే అమ్మ. అందుకని నా మాట కింద జానెడు మేర నునుపు చేసి ఖాళీగా వదిలేశాను. నువ్వు రా. ఉలి ఎలా పట్టుకోవాలో నేర్పిస్తాను. నీ అక్షరాలు వంకరగా వస్తాయి, రానీ.

నీ మొండోడు