కొత్త ఆల్బమ్‌లోని ఈల

తమ్ముడూ,

ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. నేనేం అడిగినా "సరేలే అక్కా" అంటున్నావు, అడిగిందేమిటో వినకుండానే. అందుకే రాస్తున్నాను.

పదహారేళ్లు నేలమాళిగల్లో, యాభైమందికి మించని జనం ముందు, నువ్వు సింథసైజర్ మీదా నేను మైకు దగ్గరా చెవులు గింగిర్లెత్తించే ఆ చీకటి సంగీతం చేసుకుంటూ వచ్చాం. ఇన్నాళ్లకి కొత్త ఆల్బమ్ విని పెద్ద హాలువాళ్లు కచేరీకి పిలిచారు. "వీళ్లు ఇంత నిర్దయగా ఎప్పుడూ వాయించలేదు" అని పత్రికలో మెచ్చుకున్నారు.

వాళ్లు మెచ్చుకున్నది నీ సింథసైజర్‌లోంచి వచ్చే ఆ సన్నటి ఈలనే. మొన్నటి కచేరీలో నువ్వు దాన్ని పెంచుతూనే పోయావు. ముందు వరసలో కుర్రాళ్లు చెవులు మూసుకుని మరీ కేరింతలు కొట్టారు. పక్కన పాడుతున్న నేను నీ ముఖం చూశాను. అందరి చెవులూ చిల్లులు పడుతుంటే, నువ్వింకా ఆ ఈల కోసం వెతుకుతున్నావు.

నాది వట్టి అనుమానం కావచ్చు. నీ సాహసాన్ని జబ్బనుకుంటున్నానేమో. కానీ పొయ్యి మీద కెటిల్ కూస్తుంటే నువ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నావట. "మీ తమ్ముడికి బద్ధకం ముదిరింది వదినా" అని మరదలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

హాలువాళ్లకి ఇప్పుడే మాటివ్వకు. ముందు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. ఆయన వాయించొద్దంటే ఈ ఆల్బమే మన ఆఖరిది అవుతుందని తెలిసే అడుగుతున్నాను. మిగిలిన వినికిడినైనా కాపాడుకోవాలి కదరా.

కోపమొస్తే ఇంటికొచ్చి తిట్టు. లైటు వేసి నీకెదురుగా కూర్చుంటాను, నా పెదవులు నీకు కనబడేలా.

నీ అక్క